తీర్మానం రాసింది నేనే

హనుమకొండలో మా చర్చి సంఘ కమిటీ గత ఆగస్టులో ఒక తీర్మానం చేసింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం మందిరం మెట్ల పక్కన వాలుబాట కట్టించాలని. చేతులన్నీ లేచాయి, ఆమేన్ గట్టిగా పలికింది, టీ తాగి ఇళ్లకు వెళ్లాం. మినిట్స్ పుస్తకంలో రాసింది నేనే.

క్రిస్మస్‌కు కొత్త సౌండ్ బాక్సులు వచ్చాయి. వాలుబాట రాలేదు. అడిగితే అయ్యగారు కోశాధికారిని, కోశాధికారి నన్ను, నేను మేస్త్రీని చూపించాం. ఆ మేస్త్రీకి ఎవరూ ఫోనే చేయలేదన్నది వేరే సంగతి.

కాదనేవాడితో నాకు ఇబ్బంది లేదు, కనీసం ఖర్చెంతని అడుగుతాడు. వెంటనే ఒప్పుకునేవాళ్లంటేనే భయం. మత్తయి సువార్త 21వ అధ్యాయంలో తండ్రికి సరేనని చెప్పి తోటకు వెళ్లని కొడుకు మీద నేను రెండుసార్లు వాక్యం చెప్పాను. వెళ్లనని చెప్పి తర్వాత వెళ్లిన కొడుకు మా కమిటీకి ఎన్నికయ్యేవాడు కాడు లెండి!

డోర్నకల్ మాకు దూరమేమీ కాదు. పిడికెడు బియ్యం కానుకగా తెచ్చే పేద సంఘాల మధ్య అక్కడి బిషప్ అజరయ్య కట్టించిన కెథడ్రల్, అంటే పెద్ద చర్చి, 1939లో ప్రతిష్ఠ అయింది. మాకు నాలుగు బస్తాల సిమెంటు కుదరలేదు.

మొన్న ఆదివారం ఒక పెద్దమ్మ నా భుజం పట్టుకుని మెట్లెక్కుతూ, "ఆ పని ఎంతవరకు వచ్చింది బిడ్డా?" అని అడిగింది.

"అయిపోతుందమ్మా" అన్నాను.