అమ్మ కూలి ఏ వరుసలో రాశారు?

బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందాక నేను పెట్టుకున్న పని ఒక్కటే. పల్నాడులో మా ఊరి చుట్టుపక్కల డ్వాక్రా సంఘాల్లో ఉంటూ సొంతంగా ఏదో ఒక చిన్న వ్యాపారం నడుపుకుంటున్న ఆడవాళ్ల ఇళ్లకు నెలకు రెండుసార్లు వెళ్లి, నోటుపుస్తకం మధ్యలో పెట్టుకుని, కొన్నది ఎంత, అమ్మింది ఎంత, మిగిలింది ఎంత అని వాళ్లతో కలిసి చూసుకోవడం. ఈ పనికి పట్నంలో ‘మెంటరింగ్’ అని పేరుందని మా అబ్బాయి చెప్పాడు. ఇక్కడ మాత్రం ‘మేడమ్ లెక్కలకొచ్చింది’ అంటారు, నాకూ ఆ మాటే నచ్చింది.

మొదటి ఏడాది నేను వెళ్లిన ఇళ్లలో ఒకటి కారప్పొడి చేసి అమ్మే ఇల్లు. ఆమెకు నలభై ఏళ్లుంటాయి, తోటికోడలితో కలిసి ఈ పని చేసేది. ఎండుమిరపకాయలు కిలో 200కు కొని, కారం కిలో 300కు అమ్ముతోంది. “కిలోకి వంద మిగులుతుంది కదా మేడమ్” అని ధీమాగా చెప్పింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న వాళ్ల అమ్మాయిని పిలిచి, కిందటిసారి చేసిన సరుకు లెక్క మొత్తం రాయమన్నాను. పది కిలోల కాయలకు 2,000. తొడిమలు తీసి, రెండెండలు ఎండబెట్టేసరికి ఎనిమిదిన్నర కిలోలు మిగిలాయి. మర కూలి కిలోకి 20 చొప్పున 170. కవర్లు, చీటీలు 80. మరకు వెళ్లి రావడానికి ఆటో 100. మరలో పోయింది, జల్లెడలో పోయింది తీసేస్తే చేతికొచ్చిన కారం ఎనిమిది కిలోలు. మొత్తం ఖర్చు 2,350, మొత్తం రాబడి 2,400. అమ్మాయి రెండుసార్లు కూడి చూసి, “యాభై మిగిలింది” అంది.

అక్కడితో ఆపకుండా, ఆ పదికిలోల సరుకుకు ఎవరెన్ని రోజులు పనిచేశారని అడిగాను. ఇద్దరూ రెండేసి రోజులు చేశారు. ఊళ్లో ఆ సమయానికి ఆడకూలి రోజుకు 300 నడుస్తోంది కాబట్టి నాలుగు కూళ్లకు 1,200 అవుతుంది. అదీ కలిపితే కిలో కారం తయారవడానికే దాదాపు 444 రూపాయలు పడింది, ఆమె 300కు అమ్ముతోంది. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మన ఇంట్లో మనం చేసుకున్న దానికి కూడా కూలి కట్టుకుంటారా మేడమ్ ఎవరైనా?” అంది. నన్ను ఎగతాళి చేయడానికి అనలేదు, నిజంగానే అడిగింది. ఆ మనిషే మిరపకోతల రోజుల్లో వేరేవాళ్ల చేలోకి వెళ్లి, సాయంత్రం కూలిలో పది రూపాయలు తగ్గితే గట్టుమీద నిలబడి గట్టిగా అడిగే మనిషి. చేలో ఉన్న లెక్క ఇంటి గడపలోకి వచ్చేసరికి మాయమవుతోంది.

దీనికి ఆమెను తప్పుపట్టడం తేలిక. కానీ అందులో నా వాటా కూడా ఉంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను ఎన్నో సంఘాలకు లింకేజీ లోన్లు, అంటే సంఘం పొదుపును చూసి బ్యాంకు ఇచ్చే అప్పులు, ఇచ్చాను. దరఖాస్తులో ‘రుణ ప్రయోజనం’ అనే గడి దగ్గర ‘పాడి గేదె’ అని రాస్తే పైనుంచి ప్రశ్నలు రావని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అలా మా శాఖ రికార్డుల్లో కట్టేసిన గేదెలన్నీ నిజంగా ఉండి ఉంటే ఆ మండలంలో గడ్డి సరిపోయేది కాదు. డబ్బు తీసుకున్న మనిషి దానితో ఏం చేస్తోందో, అందులో ఏం మిగులుతోందో నేను అడగలేదు. వాయిదా సమయానికి వచ్చిందా లేదా అన్నదే చూశాను, వచ్చేది కూడా.

మన దగ్గర ఈ మహిళా సంఘాల ఉద్యమం పుట్టుకలోనే పొదుపు ఉంది. డ్వాక్రా పథకం 1982లోనే వచ్చినా, నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారా నిషేధం సాధించిన తర్వాత, సారా కొట్టుకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక్క రూపాయి దాచుకుందామన్న పిలుపుతో ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు లేచాయి. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు దేశంలో 500 సంఘాలతో మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానాన్ని మనవాళ్లు అందిపుచ్చుకున్నంతగా చాలా రాష్ట్రాలు అందుకోలేకపోయాయి. 2000లో ‘వెలుగు’ పథకం వచ్చాక గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అంటూ మెట్లు ఏర్పడ్డాయి. సంఘంలోని ఏ అక్కను నిద్రలో లేపి అడిగినా పంచసూత్రాలు అప్పజెబుతుంది: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఈ ఐదింటినీ మరోసారి చదివి చూడండి. ఒక్కటి కూడా అమ్మకం గురించి కాదు, ధర గురించి కాదు. ఐదో సూత్రంలోని పుస్తకం కూడా సంఘం పుస్తకమే, ఆమె వ్యాపారం పుస్తకం కాదు. అప్పు తీర్చడంలో మన ఆడవాళ్లను ఆరితేరేలా చేశాం, ధర కట్టడం మాత్రం నేర్పలేదు. సంపాదన పెరగకుండా తీర్చే అలవాటు మాత్రమే పెరిగితే ఏమవుతుందో 2010లో చూశాం. ఒక సూక్ష్మరుణ సంస్థ వాయిదా కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు చేస్తూ, వారంవారం గుమ్మంలోకి వచ్చే వసూళ్లకు తాళలేక కుటుంబాలు చితికిపోతే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

శిక్షణలు లేవా అంటే ఉన్నాయి. మా పరిసరాల్లో ఏటా జరుగుతూనే ఉంటాయి. మూడు రోజుల కార్యక్రమం, వెనక బ్యానరు, మొదటి రోజు పెద్దల ప్రసంగాలు, రెండో రోజు తెరమీద బొమ్మలతో ‘వ్యాపార ప్రణాళిక’, మూడో రోజు ధ్రువపత్రాలు, గ్రూపు ఫోటో. నేను కూడా ఒకసారి వెళ్లి మాట్లాడాను. మధ్యాహ్నం భోజనం బాగుందని తర్వాత చాలామంది చెప్పారు, నా పాఠం గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అన్నీ ఇలాగే ఉంటాయని అనను. 1982లో కర్ణాటకలోని ధర్మస్థల దగ్గర ఉజిరెలో పుట్టిన రుడ్‌సెటీ అనే శిక్షణ సంస్థ నమూనాలో తర్వాత జిల్లాజిల్లాకూ బ్యాంకులు పెట్టిన గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో వసతి, భోజనంతో ఉచితంగా వారాల తరబడి నేర్పుతారు, పైగా శిక్షణ ముగిశాక రెండేళ్లపాటు వెన్నంటి ఉండాలన్న నియమం ఉంది. నా దృష్టిలో ఆ సంస్థల అసలు విలువ ఆ రెండేళ్లలోనే ఉంది, ఎక్కడైనా మొదట సన్నగిల్లేది కూడా అదే.

ఈ విషయం నా ఒక్కదాని అనుభవం కాదు. నైరోబీ నగరంలో డండోరా అనే పేదల పేటలో చిరువ్యాపారాలు చేసే యువతులను తీసుకుని, కొందరికి తరగతి గదిలో వ్యాపార పాఠాలు చెప్పించి, మరికొందరికి అదే పేటలో ఏళ్లుగా వ్యాపారం నడుపుతున్న ఒక పెద్దామెను జత చేసి చూసిన అధ్యయనం 2018లో వెలువడింది. పాఠాలు విన్నవారి లాభంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పెద్దామె తోడున్నవారి లాభం సగటున 20 శాతం పెరిగింది. ఆ పెద్దవాళ్లు చెప్పినవి ఘనమైన సూత్రాలేమీ కావు, సరుకు చవకగా దొరికే చోటు చూపించడం లాంటివి. కలుసుకోవడం ఆగిపోయినచోట లాభం కూడా మెల్లగా తగ్గింది, అది కూడా దాచకుండా చెప్పారు. అహ్మదాబాదులో శ్రామిక మహిళల సహకార బ్యాంకు ‘సేవా’ ఖాతాదారులైన మహిళలకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చి, కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితురాలితో కలిసి రమ్మన్నప్పుడు, స్నేహితురాలితో వచ్చినవాళ్లే తర్వాత అప్పు తీసుకుని వ్యాపారంలో పెట్టడానికి ఎక్కువగా ముందుకొచ్చారు. అది చదివాక నేను తోటికోడళ్లిద్దరూ లేకుండా లెక్కలకు కూర్చోవడం మానేశాను. ఒకరు మొహమాటపడి దాచిన ఖర్చును ఇంకొకరు బయటపెడతారు.

ఇక డబ్బు దాచుకునే డబ్బాల సంగతి. డొమినికన్ రిపబ్లిక్‌లో చిరువ్యాపారులకు అకౌంటెన్సీ పాఠాలు చెప్పడం కంటే, ఇంటి డబ్బునూ వ్యాపారం డబ్బునూ వేరువేరుగా ఉంచమనడం లాంటి మోటు సూత్రాలు చెప్పినప్పుడే పద్ధతులు బాగా మారాయని మరో పరిశోధన తేల్చింది. మన ఇళ్లలో పోపుల డబ్బాలో డబ్బు దాచని ఆడమనిషి ఎవరు? అందుకని నేను కొత్తగా ఏమీ చెప్పలేదు. పోపుల డబ్బా ఇంటికి, ఖాళీ బిస్కెట్ల డబ్బా వ్యాపారానికి అన్నాను. వ్యాపారం డబ్బాలోంచి ఇంటికి తీయాలంటే అది కూలిగానే తీయాలి, తీసినప్పుడు రాయాలి. నేను చెప్పిన వాటన్నిటిలో ఎక్కువ ఇళ్లలో నిలిచింది ఈ ఒక్కటే.

కారప్పొడి వ్యవహారం వెంటనే బాగుపడలేదు. కిలో 450 చెబితే ఊళ్లో ఎవరు కొంటారు? వేసవిలో ప్రతి ఇంట్లోనూ ఏడాదికి సరిపడా కారం ఆడించుకుంటారు. రెండు నెలలు లెక్క రాసి చూశాక, ఉత్త కారం మానేసి, చేతి ఒడుపు, పాళ్లు తెలిసినవాళ్లే చేయగలిగే నల్లకారం, కరివేపాకు పొడి, కందిపొడి వైపు తిరిగారు. హైదరాబాదులో కాపురాలు పెట్టినవాళ్లు, అమెరికా వెళ్లే పిల్లల పెట్టెల్లో పొడులు సర్దే తల్లులు వీటిని పావుకిలో చొప్పున అడిగి తీసుకుంటారు, బేరమాడరు. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ‘ఉద్యమ్’ నమోదు చేయించడానికి ఒక మధ్యవర్తి 2,500 అడిగాడు. అది ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితమని చూపించి, అమ్మాయి చేతే ఫోనులో చేయించాం. ఆహార భద్రత నమోదుకు అప్పట్లో ఏడాదికి 100 రూపాయలే రుసుము.

మర కొనుక్కుంటానని ఆమె పట్టుబట్టినప్పుడు మాత్రం నేను అడ్డుపడ్డాను. ఆహార తయారీ చిన్న పరిశ్రమలకు కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షల వరకు ఉండేది. రాయితీ మాట చెవిన పడగానే మనవాళ్లకు మర అవసరమైపోతుంది. రాయితీలో వచ్చి, పాత చీర కప్పుకుని వసారాలో మూలన కూర్చున్న మరలను నేను చాలా చూశాను. ఆర్నెల్లు వరసగా మర కూలి ఎంత కడుతున్నారో రాయండి, అది నెల వాయిదాకు దగ్గరపడిన రోజున నేనే బ్యాంకుకు వెంట వస్తాను అన్నాను. ఇంకా దగ్గరపడలేదు.

అందరి కథా ఇలాగే నడవలేదు. వాయిదాల మీద చీరలు అమ్మే ఒకామె లెక్క తీస్తే, చుట్టాలూ ఇరుగుపొరుగులూ ఇవ్వవలసిన అరువే 38,000 తేలింది. ఆ డబ్బు అడిగితే బంధుత్వం పోతుంది, అడగకపోతే సంఘంలో వాయిదా తప్పుతుంది. మూడు నెలలు తర్జనభర్జన పడి ఆమె ఆ వ్యాపారం మూసేసింది. ఎవరి నివేదికలోనూ ‘మూసుకున్నవారు’ అనే గడి ఉండదు గానీ, ఆమె మరో అప్పులో దిగకుండా ఆగినందుకు నేను దీన్ని నష్టంగా రాసుకోలేదు.

ఆడపిల్లల కోసం వేరే తరగతులు పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. నేను పెట్టలేదు. తల్లి పుస్తకాన్ని ఏడాదిపాటు రాసిన పిల్లకు కొనుగోలు, తరుగు, అరువు, మిగులు అన్న మాటలు పాఠంగా చెప్పనవసరం లేదు. పైగా తల్లి చెప్పడానికి జంకే చోట పిల్ల జంకదు. కారప్పొడి ఇంటి అమ్మాయి ఇప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతూ, శనివారాలు వచ్చి పుస్తకం రాస్తోంది. ప్రతి సరుకు లెక్కలోనూ మొదటి వరుస ‘అమ్మ కూలి’, రెండోది ‘పిన్ని కూలి’, ఆ తర్వాతే మిరపకాయలు. కిందటి నెల వాళ్ల బాబాయి ఇంట్లో పెళ్లికి అయిదు కిలోల పొడులు వెళ్లాయి. పిల్ల పోపుల డబ్బాలోంచి వాటి ఖరీదు తీసి బిస్కెట్ల డబ్బాలో వేసి, ‘పెళ్లికి మన ఇంటి కానుక’ అని రాసింది. “అయినవాళ్ల దగ్గర లెక్కలేంటే?” అని తల్లి కసిరింది. “వాళ్లనేం అడగలేదుగా అమ్మా, మన డబ్బాలోంచే తీశాను” అంది పిల్ల.

తర్వాత నా వైపు తిరిగి, “ఏడాదిన్నరగా ఈ పుస్తకం రాస్తోంది నేను. నా కూలి ఏ వరుసలో రాయాలి మేడమ్?” అని అడిగింది. తల్లి నెలకు వంద అంది, కూతురు మూడు వందలు అంది. నేను కలగజేసుకోలేదు. టీ తాగడం పూర్తయ్యేసరికి రెండు వందల దగ్గర కుదిరింది, కిందటి ఏడాదిన్నర బాకీ సంగతి మాత్రం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.