రేవులో ఖాళీ లేనప్పుడు

2019 జూన్ 2 ఉదయం వెనిస్‌లోని జుడెక్కా కాలువలో ఎమ్మెస్సీ ఒపెరా అనే క్రూయిజ్ నౌక అదుపు తప్పింది. శాన్ బసీలియో గట్టును ఒరుసుకుంటూ వెళ్లి, అక్కడ కట్టి ఉన్న రివర్ కౌంటెస్ అనే పర్యాటక పడవను ఢీకొట్టింది. ఆ వీడియోలో నౌక హారన్ ఆగకుండా మోగుతూ ఉంటుంది, గట్టు మీది జనం పరుగులు తీస్తూ ఉంటారు. నౌకను ఆపబోయిన టగ్ బోటు (పెద్ద నౌకలను లాగే చిన్న పడవ) మోకు కూడా తెగిపోయింది. కొందరు గాయపడ్డారు కానీ, ఎవరి ప్రాణమూ పోలేదు. ఎన్నిసార్లు చూసినా నన్ను కలచివేసేది ఆ నౌక నిదానమే. 275 మీటర్ల పొడవున్న నౌక మెల్లగా జరుగుతూ వచ్చి మీద పడుతోందని అందరికీ కనిపిస్తూనే ఉంది, ఆపడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

ఆ రోజు పాడైన యంత్రాంగం గురించి చాలా చర్చ జరిగింది. అయితే అసలు విషయం అంతకు ఏడేళ్ల ముందు నుంచి నడుస్తోంది. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా నౌక జిల్యో దీవి దగ్గర రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది మరణించాక, ఇటలీ ప్రభుత్వం అదే ఏడాది 40,000 గ్రాస్ టన్నులు (ఇది బరువు కాదు, నౌక లోపలి పరిమాణానికి కొలత) దాటిన నౌకలు జుడెక్కా కాలువలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ప్రత్యామ్నాయ మార్గం సిద్ధమయ్యేదాకా దాన్ని అమలు చేయనవసరం లేదన్న వెసులుబాటును కూడా అందులోనే పెట్టింది. ఆ మార్గం ఏళ్లు గడిచినా సిద్ధం కాలేదు కనుక, సుమారు 65,000 గ్రాస్ టన్నుల ఒపెరా ఆ ఉదయం అక్కడికి నిబంధనల ప్రకారమే వచ్చింది. నెల తిరగగానే, జులై 7న, కోస్టా డెలిజియోజా గాలివానలో అదే నగరపు గట్టుకు తగిలేంత దగ్గరకు కొట్టుకువచ్చింది. చివరికి 2021 ఆగస్టు 1 నుంచి 25,000 గ్రాస్ టన్నులు దాటిన నౌకలను ఆ దారిలో నిషేధించారు. ఇంత స్పష్టంగా కనిపించే ప్రమాదాన్ని ఆపడానికి తొమ్మిదేళ్లు పట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

పెద్ద నౌకను రేవుకు చేర్చడం ఎంత సున్నితమైన పనో దూరం నుంచి చూసేవారికి తెలియదు. నౌక తాకిడిని తట్టుకునేందుకు గట్టుకు మెత్తల్లా అమర్చిన రబ్బరు ఫెండర్లు సాధారణంగా సెకనుకు పది, పదిహేను సెంటీమీటర్ల వేగంతో వచ్చి ఆనే నౌకను తట్టుకోవడానికి చేసినవి. అదే నౌక సెకనుకు ఒక మీటరు వేగంతో, అంటే మనం తాపీగా నడిచే నడక కన్నా నెమ్మదిగా వచ్చి తగిలినా, పది సెంటీమీటర్ల వేగంతో పోలిస్తే ఆ దెబ్బ శక్తి పదింతలు కాదు, వందింతలవుతుంది. ఇక గాలి సంగతి. నేటి నౌకల పక్కభాగం పది పన్నెండు అంతస్తుల గోడలా నిలబడి ఉంటుంది. పది వేల చదరపు మీటర్ల ఆ గోడ మీద గంటకు 54 కిలోమీటర్ల గాలి ఎదురుగా వీస్తే, లెక్క ప్రకారం దాదాపు 135 టన్నుల బరువు నౌకను పక్కకు తోస్తున్నట్టే. గాలి వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలు. నౌకను అడ్డంగా జరిపే థ్రస్టర్లకు ఒక హద్దు ఉంటుంది, మోకులకూ ఉంటుంది. 2023 ఆగస్టు 27న స్పెయిన్‌లోని పాల్మా రేవులో తుఫాను గాలికి బ్రిటానియా నౌక మోకులు తెంచుకుని పక్కనున్న ట్యాంకరును ఢీకొంది. 2025 మే 30న సిసిలీలోని కటానియాలో నార్వీజియన్ ఎపిక్ మోకులు తెగి, నౌక గట్టుకు దూరంగా జరిగిపోవడంతో నౌకలోకి ఎక్కి దిగే వంతెన (గ్యాంగ్‌వే) ఊడి, దాని మీదున్న ప్రయాణికుడు సముద్రంలో పడ్డాడు. రేవుకు కట్టేస్తే ఇక భయం లేదనుకునే వాళ్లకు ఈ రెండు సంఘటనలూ చాలు.

విశాలమైన చోట అయితే నౌక కొంత పక్కకు జరిగినా కెప్టెన్‌కు సర్దుకునే వ్యవధి ఉంటుంది, కిక్కిరిసిన రేవులో ఉండదు. 2019 డిసెంబరు 20న మెక్సికోలోని కోజుమెల్‌లో కార్నివాల్ గ్లోరీ రేవుకు చేరబోతూ, అప్పటికే కట్టి ఉన్న కార్నివాల్ లెజెండ్‌కు తగిలింది. గ్లోరీ వెనుక భాగంలో భోజనశాల ఉన్న చోటు నుజ్జయింది. ఆ వేళకు ఆ బల్లల దగ్గర ఎంతమంది ఉండి ఉండవచ్చో ఆలోచిస్తేనే గుండె జారిపోతుంది. క్రూయిజ్ నౌక కాకపోయినా జోలీ నీరో పేరు ఇక్కడ చెప్పక తప్పదు. 2013 మే 7 రాత్రి ఇటలీలోని జెనోవా రేవులోంచి బయలుదేరుతూ మలుపు తిరుగుతున్న ఆ సరుకు నౌక, రేవు అంచునే ఉన్న కంట్రోల్ టవర్‌ను కూల్చివేసింది. లోపలున్న తొమ్మిది మంది చనిపోయారు. వారంతా నౌకల రాకపోకలు క్షేమంగా సాగేలా చూడడమే విధిగా పనిచేస్తున్నవారు.

1912 నాటి టైటానిక్ 46,000 గ్రాస్ టన్నులు, 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 2,48,000 పైచిలుకు. నౌకలు ఇలా పెరిగినంత త్వరగా రేవులు పెరగలేదు. దీనికి తోడు ఒకే ఉదయం నాలుగైదు నౌకలు ఒకే ఊరికి చేరేలా ప్రయాణాలు చాలాకాలం ముందే అమ్ముడవుతాయి. ఆ రోజు గాలి ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. గాలి ఎక్కువగా ఉందని కెప్టెన్ రేవు వదిలి వెళ్లిపోతే ఊరు చూడలేకపోయామని ప్రయాణికులు మండిపడతారు, ముందుగా కుదుర్చుకున్న యాత్రలన్నీ రద్దవుతాయి. ఆ కోపాన్ని నేను అర్థం చేసుకోగలను కానీ, సమర్థించలేను. వెనక్కి తిరిగిన కెప్టెన్‌ను తప్పుపట్టడం మొదలుపెడితే, తర్వాతి రేవులో అతను ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సింది గాలి గురించి కాకుండా ఫిర్యాదుల గురించి అవుతుంది.

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ ఒకేసారి రెండు నౌకలకు, అలాస్కాలోని జునో 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద నౌకలకు పరిమితం చేసుకున్నాయి. ఊళ్లో జనం తాకిడి తగ్గించడమే వారి ముఖ్య ఉద్దేశం. అయినా నౌకల మధ్య వ్యవధి పెరుగుతుంది కనుక నీటి మీద కూడా దీనివల్ల మేలే. నా దృష్టిలో ఇది సగం పనే. ఏ బెర్తుకు (నౌకను కట్టే చోటుకు) ఎంత పొడవున్న నౌక, ఎంత గాలి వరకు రావచ్చో, టగ్ బోట్లు ఎప్పుడు తప్పనిసరో ప్రతి రేవూ బహిరంగంగా ప్రకటించాలి. టికెట్టు అమ్మేటప్పుడే ఆ హద్దును ప్రయాణికుడికి చెప్పాలి. గాలి ఆ హద్దు దాటిన రోజున నౌకను రానివ్వకూడదన్న నిర్ణయం కెప్టెన్ ఒక్కడి మీద వదిలేయకుండా, రేవు అధికారులే తీసుకోవాలి.