పెళ్లి మ్యాటర్ ఫోన్లో వస్తున్న రోజుల్లో

మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మ కార్డులు, పండగలప్పుడు గుళ్ల కరపత్రాలు వేస్తుంటాం. నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో మ్యాటర్, అంటే కార్డు మీద వేయాల్సిన మాటలు, కాగితం మీద వచ్చేది. నాలుగు మూలలా పసుపు రాసిన రూళ్ల కాగితం, దాని మీద పంతులుగారి గొలుసుకట్టు రాత. ఆ రాత చదవడమే సగం పని. ఇప్పుడు మ్యాటర్ ఫోన్లో వస్తోంది. డిగ్రీ చదివే పిల్లల దగ్గర్నుంచి అరవై దాటిన మేనమామల దాకా తెలుగులోనే టైపు చేసి పంపిస్తున్నారు. కొన్నేళ్ల కిందట ఇదే జనం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపేవారు. అది చదివి, ఏది 'ల' ఏది 'ళ' అని ఊహించుకుని కొట్టేదాన్ని. కాబట్టి ఈ మార్పు నాకు పెద్ద సంతోషం.

అయితే ఆ అక్షరాలు వాళ్ల ఫోన్లోంచి బయల్దేరి నా దగ్గర కార్డు మీద అచ్చయ్యే లోపల ఎక్కడ విరుగుతాయో, ఎక్కడ చక్కగా నిలబడతాయో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ఎక్కువగా విరిగేవి పేర్లు. పెళ్లికొడుకు పేరు రాజ్‌కుమార్ అనుకోండి. ఫోన్లో 'జ్' కొట్టి వెంటనే 'కు' కొడితే అది 'రాజ్కుమార్' అయిపోతుంది. జ కింద క వత్తు వచ్చి చేరుతుంది. శ్రీనివాస్‌రావు కాస్తా 'శ్రీనివాస్రావు' అవుతాడు. ఫోన్ తన లెక్క ప్రకారం సరిగ్గానే చేసింది. పొల్లు పక్కన హల్లు వస్తే రెండోది వత్తుగా మారాలన్నది తెలుగు రాతలో ఉన్న పద్ధతే. ఫలానా చోట మారకూడదని చెప్పడానికి, ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్లో ఒక్కో నంబరు ఇచ్చే యూనికోడ్‌లో ఒక గుర్తు ఉంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కంటికి కనబడదు, చోటు తీసుకోదు, పొల్లుకీ తర్వాతి హల్లుకీ మధ్య నిలబడి అవి కలవకుండా చూస్తుంది. కంప్యూటర్లో ఎక్కువగా తెలుగు రాసేవాళ్లకి దీని సంగతి బాగా తెలుసు. మా కస్టమర్లలో చాలామందికి అలాంటిదొకటి ఉందని కూడా తెలీదు. వాళ్ల కీబోర్డు మీద అది పైకి కనబడితే కదా తెలిసేది.

మరి వాళ్లేం చేస్తారంటే, మధ్యలో స్పేస్ కొడతారు. కార్డు మీద ఆ పేరు లైను చివర పడిందంటే 'రాజ్' పై లైనులో, 'కుమార్' కింది లైనులో ఉంటాయి. ప్రూఫ్ చూసి అబ్బాయి వాళ్లమ్మ మొహం చిన్నబోతుంది. "అమ్మాయ్, పిల్లాడి పేరు రెండు ముక్కలు చేశావేంటి?" అంటుంది. శుభమా అని వేసుకునే కార్డులో కొడుకు పేరు విరిగితే ఏ తల్లికైనా మనసు ఒప్పదు. అందుకే ఎవరు ఎలా పంపినా పేర్లు మాత్రం నేను మళ్లీ నా చేత్తో కొడతాను. పంపినవాళ్లకి ఫోన్ చేసి, ఒక్కో పేరూ పైకి చదివి వినిపిస్తాను.

ఇంకొకటి, 'చి॥ల॥సౌ॥' అనేటప్పుడు పెట్టే ఆ రెండు నిలువు గీతలు. యూనికోడ్‌లో వీటికి తెలుగు వరసలో విడిగా చోటివ్వలేదు. దేవనాగరి వరసలో ఉన్నవాటినే మిగతా భారతీయ లిపులూ వాడుకోవాలన్నది ఏర్పాటు. అది నాకు సబబుగానే తోస్తుంది. కానీ ఫోన్లో తెలుగు కీబోర్డు మీద ఆ గీతలు చేతికి అందకపోతే జనం ఏం చేయాలి? కొందరు ఇంగ్లిష్ పెద్ద ఐలు రెండు పెడతారు. కొందరు చిన్న ఎల్‌లు పెడతారు. 'చి11ల11సౌ11' అని అంకెలతో వచ్చిన మ్యాటర్ కూడా ఉంది. తెలుగువాళ్ల ఇళ్లలో ఏటా అచ్చయ్యే పెళ్లి కార్డులు ఎన్నో ఆలోచించండి. వాటన్నిటి మీదా ఉండే గుర్తు ఇది. కీబోర్డు తయారుచేసేవాళ్లు ఒక్క పెళ్లి కార్డు ముందు పెట్టుకుని, అందులో ఉన్నవన్నీ తమ కీబోర్డు మీద కొట్టగలరా లేదా చూసుకుంటే ఈ బాధ తీరిపోతుంది.

తర్వాతది వత్తులు తెగిపోవడం. ఇది నా వృత్తిలోనే కాదు, ఇంట్లో కూడా రోజూ కనబడుతుంది. తెలుగు అక్షరం పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా పెరుగుతుంది. 'లక్ష్మి' అన్న పేరులో చివరి అక్షరం ఒక్కదానికే రెండు వత్తులు, పైన గుడి. ఇంగ్లిష్ అక్షరం ఎత్తుకి గీసిన పెట్టెలో దాన్ని కూర్చోబెడితే కిందిది తెగిపోతుంది. మా ఇంట్లో టీవీ తెరమీద కార్యక్రమాల పేర్ల కింద వత్తులు సగమే కనబడతాయి. ఒక బిల్లు కట్టే యాప్‌ని తెలుగులో పెట్టుకుంటే బటన్ల మీద అదే వరస. మా అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూస్తారు, తన చూపే తగ్గిందేమోనని. ఇండియాలో అమ్మే ఫోన్లకి ఐఎస్ 16333 అని ఒక ప్రమాణం ఉంది, మన 22 భాషల్లోనూ చదవడానికి వీలుండాలని. చదవడమంటే వత్తులతో సహా చదవడమే అని నేను గట్టిగా అంటాను.

కంప్యూటరు లెక్కలో 'లక్ష్మి' అంటే 7 సంకేతాలు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్‌కి 160 అక్షరాల చోటుంటే, తెలుగులో రాస్తే 70 సంకేతాలే పడతాయి. అంటే పదిసార్లు లక్ష్మి అని రాస్తే మెసేజ్ నిండిపోతుంది. శ్రావణమాసంలో పేరంటానికి పిలుస్తూ మా వీధి వాళ్లు తెలుగులో పెట్టిన చిన్న ఎస్సెమ్మెస్‌కి కూడా రెండు మూడు మెసేజ్‌ల డబ్బులు పడేవంటే కారణం ఇదే. ఇప్పుడు ఇంటర్నెట్ మెసేజ్‌లు వచ్చాక ఆ బెంగ పోయింది.

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరంలో ఞకీ దీర్ఘానికీ మధ్య, నేను పైన చెప్పిన ఆ కనబడని గుర్తు చేరితే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయేవి. అది నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ మొత్తం మొరాయించేది. ఆ నెల 19న ఆపిల్ వాళ్లు 11.2.6తో దాన్ని సరిచేశారు. ఈలోపల ప్రపంచమంతా వార్తల్లో తెలుగు అక్షరమే ప్రమాదకరమైనదన్నట్టు రాశారు. నాకు చాలా కష్టంగా అనిపించింది. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం, మా చిన్నప్పటి నుంచి రాస్తున్న మాటలివి. అక్షరం ఏం చేసింది పాపం? దాన్ని తెరమీద గీసే సాఫ్ట్‌వేర్‌ని బయటికి వదిలే ముందు తెలుగుతో సరిగ్గా పరీక్షించలేదు, అంతే. ఆ వార్త తెలుగు అక్షరం గురించి కాకుండా ఆ పరీక్ష గురించి రావాల్సింది.

మా వైపు నుంచి ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కానీ డీటీపీ వాళ్లం ఇంకా అంతకుముందు పద్ధతి ఫాంట్లే వాడుతున్నాం. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, క్రావడి ఒక ముక్క. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థం లేని ఇంగ్లిష్. కస్టమర్ ఫోన్లో చక్కగా కొట్టి పంపిన మ్యాటర్‌ని మా పాత పేజీ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే వరసగా ప్రశ్న గుర్తులు పడతాయి. కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి. మార్చాక క్రావడి పక్క అక్షరానికి తగులుకుంటుంది, కొన్ని వత్తులు మాయమవుతాయి. మళ్లీ మొదట్నుంచి ప్రూఫ్ చదవాలి. అయినా ఈ ఫాంట్లని ఎందుకు పట్టుకుని ఉన్నామంటే, అచ్చులో వాటి అందం కళ్లకి అలవాటైపోయింది. జిల్లాలో ఏ ప్రెస్‌కి ఫైలు పట్టుకెళ్లినా తెరుచుకుంటుంది. నా వేళ్లకి కూడా ఆ కీబోర్డే వచ్చు.

మెల్లిగా మారుతున్నాను. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. రామభద్ర హెడ్డింగులకి నిండుగా ఉంటుంది. మండలి చిన్న సైజులో కూడా హాయిగా చదువుకోవచ్చు. తెనాలి రామకృష్ణ అని మా ఊరి పేరున్న ఫాంటు కూడా ఉంది, ఓణీల ఫంక్షన్ కార్డులకి దాన్నే వాడుతున్నాను. వీటిలో చేసిన కార్డు ఫైలుకి ఇంకో సుఖం ఉంది. కస్టమర్ వచ్చి, "అక్కా, మా పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డే, పేర్లు మార్చి వేసెయ్" అంటే, ఇంటిపేరు తెలుగులో కొట్టి వెతుకుతాను. క్షణంలో ఫైలు పైకొస్తుంది. అలా మొదటిసారి దొరికిన రోజు ఎంత ఆనందపడ్డానో చెప్పలేను. పాత ఫైళ్లయితే ఏడాది, నెల గుర్తు తెచ్చుకుని ఒక్కో ఫోల్డరూ తెరిచి చూసుకోవాల్సిందే.

ఫోన్ చేసిన మేళ్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం నోటితో చెబితే రాసుకోవడం. గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి 2017 ఆగస్టులో తెలుగు వచ్చింది. మొన్న మాఘమాసంలో అంగలకుదురు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, మనవరాలి పెళ్లి కార్డు కోసం. కంటి ఆపరేషన్ అయి వారమైనా కాలేదు, రాయలేరు. మ్యాటర్ ఎవరిచేతా రాయించుకురాలేదు. నేను ఫోన్ ఆయన ముందు పెట్టి, "బాబాయ్, మీరు మామూలుగా మాట్లాడండి, అదే రాసుకుంటుంది" అన్నాను. ముందు నమ్మలేదు. రెండు మాటలు చెప్పాక తెరమీద అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తే, ఇంక ఆగలేదు. తిథి, వారం, నక్షత్రం, లగ్నం అన్నీ చెప్పేశారు. సుముహూర్తం, కరకమలములు లాంటివన్నీ తప్పు లేకుండా పడ్డాయి. ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు మాత్రం తప్పుగా విన్నది, అవి నేను సరిచేశాను. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా నేనే పెట్టుకున్నాను.

అన్నీ అయిపోయాయనుకుని ఫోన్ తీయబోతుంటే ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. "మా ఆవిడ ఉంటే మీ ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచేది. ఇప్పుడు నేనొక్కణ్ణే పిలుస్తున్నాను. తప్పకుండా రావాలి." ఇది కార్డు కోసం చెప్పారో, నాతో అన్నారో తెలీలేదు. అడిగితే, "వెయ్యొచ్చా?" అని నన్నే అడిగారు. వేశాను. రెడీమేడ్ మ్యాటర్లో ఉండే 'మీ రాక మాకెంతో ఆనందం' అనే వాక్యం తీసేసి అక్కడ ఆయన మాటలు పెట్టాను. కాగితం మీద రాయించుకుని వచ్చి ఉంటే రాసిపెట్టినవాళ్లు ఈ మాటలు రాసి ఉండేవారు కాదు. ఎంతోమంది కార్డులు వేశాను గానీ, చదివి చుట్టాలు ఫోన్ చేసి ఏడ్చారని ఆ పెద్దాయన కొడుకు వచ్చి చెప్పింది ఈ ఒక్క కార్డు గురించే.

అదే కార్డు మీద ముహూర్తం దగ్గర కూడా ఒక ఆలోచన చేయాల్సి వచ్చింది. 'బుధవారం రాత్రి 2.40, తెల్లవారితే గురువారం' అని మనం వేస్తాం. మన రోజు సూర్యోదయంతో మారుతుంది. ఫోన్ క్యాలెండర్లో రోజు అర్ధరాత్రికే మారిపోతుంది. కార్డు చూసి బుధవారం తేదీ మీద 2.40కి రిమైండర్ పెట్టుకున్న చుట్టాలు ఒక రోజు ముందే లేస్తారు. కొందరు గురువారం రాత్రి అనుకుని ఆలస్యంగా వస్తారు. అందుకే ఇప్పుడు పంచాంగం ప్రకారం వేసిన లైను కింద, 'బుధవారం రాత్రి భోజనాల తర్వాత అదే రాత్రి' అని చిన్న అక్షరాల్లో వేస్తున్నాను. పంతులుగార్లు కూడా బాగుందన్నారు.

ఫోటో తీస్తే అందులోని తెలుగు అక్షరాలని కాపీ చేసుకునే సౌకర్యం కూడా బాగా అక్కరకొస్తోంది. సీసం అక్షరాలతో అచ్చేసిన పాత కార్డులు తెచ్చి, ఇలాంటి మాటలే కావాలంటారు కొందరు. ఫోటో తీస్తే చాలావరకు వచ్చేస్తుంది. థ పొట్టలో చుక్క అరిగిపోయి ఉంటే ధ అని చదువుతుంది, అక్కడ కాస్త జాగ్రత్తపడాలి.

ఇంక డబ్బులు పడగానే తెలుగులో చెప్పే ఆ చిన్న స్పీకర్ పెట్టె గురించి చెప్పకపోతే అన్యాయం. రెండు చేతులూ కట్టింగ్ మెషిన్ దగ్గర ఉన్నప్పుడు, ఎంత పడిందో అది పైకి చెబితే ఫోన్ వెతుక్కోవాల్సిన పని లేదు. తెలుగులో చెబుతుంది కాబట్టి షాపులో పనిచేసే అమ్మాయికి కూడా టెన్షన్ లేదు.

ఆషాఢంలో మాకు పెళ్లి కార్డుల పని ఉండదు. ఈసారి ఆ నెలంతా పాత ఫైళ్లని యూనికోడ్‌లోకి మారుద్దామనుకుంటున్నాను. ముందు పెద్ద కుటుంబాల కార్డులు, తర్వాత గుళ్లవి. క్రావడులు సరిగ్గా మార్చే కన్వర్టర్ మీరెవరైనా వాడుతుంటే చెప్పండి, శ్రావణం మొదలయ్యే లోపల పూర్తి చేయాలి.