3663 కాదు, 3704

గేట్‌కు చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మొదటిసారి రాసినప్పుడు నాకు ర్యాంకు రాలేదు. నా చదువు ఎలా ఉండేదో తెలియాలంటే ఒక్క లెక్క చూస్తే చాలు.

ఒక మాక్ టెస్ట్‌లో డేటాబేస్ లెక్క పడింది. బ్లాకు (డిస్కు మీద డేటా దాచే గది) 4096 బైట్లు, రికార్డు (టేబుల్‌లో ఒక వరుస) 150 బైట్లు, అన్‌స్పాన్డ్, మొత్తం లక్ష రికార్డులు. టేబుల్‌కి ఎన్ని బ్లాకులు కావాలి? లక్షను 150తో గుణించి, 4096తో భాగించి, 3663 అని టైప్ చేసి ధీమాగా ముందుకు వెళ్లిపోయాను. జవాబు 3704. న్యూమరికల్ ప్రశ్న కాబట్టి మైనస్ లేదు గానీ, రావలసిన రెండు మార్కులు పోయాయి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంజనీరింగ్‌లో ఇంగ్లీషు. 'అన్‌స్పాన్డ్' అన్న మాట అప్పటికి పదిసార్లయినా చదివుంటాను, ఒక్కసారీ బుర్రకెక్కలేదు. ఆ వారమే పిన్ని కూతురి పెళ్లి, వడ్డన పని నా మీద పడింది. బంతికి నలభై విస్తళ్లు వేశాక చివర మూరెడు జాగా మిగిలింది. "ఇంకొకర్ని కూర్చోబెట్టరా" అన్నాడు మావయ్య. "సగం మనిషే పడతాడు మావయ్యా" అన్నాను. అన్నాక వెలిగింది.

అన్‌స్పాన్డ్ అంటే అంతే. ఒక రికార్డు సగం ఈ బ్లాకులో, సగం పక్క బ్లాకులో కూర్చోదు. 4096లో 27 రికార్డులే పడతాయి, 46 బైట్లు వృథా. లక్ష మందికి 27 చొప్పున 3703 నిండు బంతులు లేచాక ఇంకా 19 మంది నిలబడి ఉంటారు. వాళ్లకోసం మరో బంతి వేయాలి. ఇలాంటి లెక్కలో రెండుసార్లు భాగహారం ఉంటుంది: మొదటిదాంట్లో కిందికి, రెండోదాంట్లో పైకి సవరించాలి.

అప్పట్నించి నోట్సు తెలుగులోనే రాసుకున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టి, వాడుక భాషలో రాసుకోవడానికి సిగ్గెందుకు?

విస్తళ్ల మధ్య కాస్త ఎడం వదలడం గురించి కూడా రాసుకున్నాను. ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు పీసీటీఫ్రీ, డిఫాల్ట్ 10. అంటే బ్లాకులో పదో వంతు కొత్త రికార్డులతో నింపకుండా, ఉన్నవి అప్‌డేట్‌లో పెరిగితే పనికొస్తుందని వదులుతారు. ఆ చోటు చాలకపోతే రికార్డు వేరే బ్లాకుకు మారుతుంది, పాత చోట చిరునామా మాత్రం ఉంటుంది. ఇండెక్స్ ద్వారా ఆ ఒక్క రికార్డు కోసం వెళ్తే రెండు బ్లాకులు చదవాలి. చేర్చడమే తప్ప మార్చడం లేని లాగ్ టేబుల్‌కి ఇంత ఎడం అక్కర్లేదు.

ఎక్స్‌టెంట్ల (టేబుల్‌కి ఒకేసారి ఇచ్చే వరుస బ్లాకుల ముక్కల) దగ్గర మాత్రం నేను చేసిన తప్పు చేయకండి. సీనియర్ ఇచ్చిన పాత పుస్తకంలో ఇనిషియల్ (మొదటి ముక్క సైజు), నెక్స్ట్ (రెండోదాని సైజు), పీసీటీఇంక్రీజ్ (ఆపైన ఎంత శాతం పెంచాలో) లెక్కలు పేజీలకు పేజీలు. 100 కేబీ, 100, 150, 225 అంటూ నెల రోజులు బట్టీపట్టాను. గేట్‌ సిలబస్‌లో అవి లేనే లేవు. ఒరాకిల్‌లోనూ 8ఐ వెర్షన్ నుంచి లోకల్లీ మేనేజ్డ్ టేబుల్‌స్పేస్‌లు (తమ ముక్కల లెక్క తామే చూసుకునే నిల్వ చోట్లు) వచ్చాక ఆ అవస్థ తగ్గింది. ఆటోఅలొకేట్ పెడితే సాధారణంగా 64 కేబీతో మొదలై, టేబుల్ పెరిగేకొద్దీ 1 ఎంబీ, 8 ఎంబీ, 64 ఎంబీ ముక్కలు అదే ఇస్తుంది. అన్నీ ఒకే సైజులో కావాలంటే యూనిఫాం ఉంది.

ఐటీ ఆఫీసర్ పోస్టులకు చదివేవాళ్లు పుస్తకం మూసి ఒకటి చేసి చూడండి. ఒరాకిల్ టేబుల్‌లో లక్ష రికార్డులు వేసి, అన్నీ డిలీట్ చేసి, కమిట్ కొట్టి (మార్పు ఖాయం చేసి), ఏ టేబుల్ ఎంత చోటు తింటోందో చూపే యూజర్ సెగ్మెంట్స్‌లో సైజు చూడండి. నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక్క కేబీ కూడా తగ్గలేదు. సున్నా రికార్డులున్న టేబుల్ మీద కౌంట్ వేస్తే, ఒకప్పుడు నిండిన చోటిదాకా ఖాళీ బ్లాకులన్నీ తిరిగొచ్చి మెల్లగా 0 చెప్పింది. జనం లేచారు, విస్తళ్లు ఎవరూ తియ్యలేదు. టేబుల్‌ని ఒక్కసారిగా ఖాళీ చేసి చోటు వదిలే ట్రంకేట్ కొట్టాక తీశారు.