కోసిన గడ్డి, చించిన గడ్డి

పోయిన ఏప్రిల్‌లో నాన్న మా ఇంటికొచ్చారు. మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఆ శనివారం నేను లాన్ కోసి కాళ్ళు కడుక్కుంటుంటే, ఆయన గడ్డిలో గొంతుకూర్చుని ఒక పరక తెంపి ఎండకెత్తి చూస్తున్నారు. "ఏరా, దీన్ని కోశావా, పీకావా?" అన్నారు.

తెనాలి పక్కన 40 ఏళ్ళు వరి పండించిన మనిషి. పరక కొన చూపించారు. తెగిన చోట పాత చీర అంచులా పీచుపీచుగా ఉంది. ఆ పీచులు రెండు రోజుల్లో ఎండి తెల్లబడతాయి. మా లాన్ అంతా బూడిద చల్లినట్టు కనబడుతున్నది అందుకే. నేనేమో నీళ్ళు చాలట్లేదనుకుని పెంచాను, తెగులేమోనని మందు కూడా కొట్టాను.

మాది టాల్ ఫెస్క్యూ రకం గడ్డి, 3.5 అంగుళాల ఎత్తున కోస్తాను. మోవర్ బ్లేడు మొండిదైతే దాన్ని కోయదు, బాది చించుతుంది. అసలే ఇక్కడి వేసవి ఉక్కకి బ్రౌన్ ప్యాచ్ తెగులు కాచుకుని ఉంటుంది, చిరిగిన గడ్డి దానికి ఇంకా లోకువ.

ఆ సాయంత్రమే బ్లేడు తీశాం. ముందుగా స్పార్క్ ప్లగ్ వైరు పీకేశాను. దయచేసి ఈ ఒక్కటీ మరవకండి, బ్లేడు చేత్తో తిప్పినా ఇంజన్ అందుకోవచ్చు. ఎయిర్ ఫిల్టర్ పైకుండేలా మోవర్‌ని వాల్చి, బ్లేడు తిరక్కుండా చెక్కముక్క అడ్డం పెట్టి, బోల్టు విప్పాను. తిరిగి బిగించేటప్పుడు తికమక పడకుండా ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. రెక్కలా లేచిన వైపు, బ్లేడు మీద కప్పులా ఉండే డెక్ వైపే ఉండాలి.

నేను గ్రైండర్ తీస్తే నాన్న ఒప్పుకోలేదు. "మిషను పెడితే కాగుద్ది. అంచు నీలం తిరిగిందంటే ఇనుము మెత్తబడిపోద్ది. ఆకురాయి చాలు." వైస్‌లో బిగించి, ఉన్న వాలునే పట్టుకుని, పైవైపు మాత్రమే రాశారు. ముందుకు తోసేటప్పుడే నొక్కడం, వెనక్కొచ్చేటప్పుడు ఎత్తడం. రాళ్ళు తగిలిన నొక్కుల మీద మొదట గరగరమంది. కాసేపటికి చప్పుడు నున్నబడింది, నల్లటి అంచు వెంట సన్నగా వెండి గీత తేలింది.

కొడవలిలా ఇంకా పదును తీస్తానన్నారు. అక్కడ మాత్రం ఆపాను. కొడవలి చేతి ఊపుకి కోస్తుంది, ఇది నిమిషానికి దాదాపు 3000 సార్లు తిరుగుతుంది. అంత పల్చటి అంచు ఇసుక తగలగానే మడతపడిపోతుంది. వెన్న రాసే కత్తంత పదునుంటే చాలు.

తర్వాత గోడ మేకుకి నడిమి బెజ్జంతో తగిలిస్తే ఒక వైపు దిగిపోయింది. బరువున్న వైపే మళ్ళీ రాశాం. త్రాసు ముల్లులా నిలబడేసరికి మూడుసార్లు పట్టింది. దీన్ని వదిలేస్తే మోవర్ అదురుతుంది, ఆ అదురు బ్లేడుని తిప్పే ఇంజన్ ఇరుసుని, అంటే క్రాంక్‌షాఫ్ట్‌ని తినేస్తుంది. ఒంగిన బ్లేడునైతే సుత్తితో సరిచేయొద్దు, కొత్తది కొనాల్సిందే.

మోవర్ 25 గంటలు నడిచినప్పుడల్లా ఒకసారి నూరమని చెబుతుంటారు. మా పెరట్లో పైన్ కాయలు, పైకి తేలిన వేర్లు ఎక్కువ, అందుకని గంటల లెక్క నేను నమ్మను. కోసిన మర్నాడు నాలుగు చోట్ల నాలుగు పరకలు తెంపి చూస్తాను. అనుమానమొస్తే ఫొటో తీసి తెనాలికి వాట్సాప్ చేస్తాను. మొన్న జవాబు రెండే మాటల్లో వచ్చింది: "అంచు పోయింది."

రేపు పొద్దున్నే బ్లేడు విప్పాలి.