నా అనుభవం: గ్యాస్ గోళీ తిన్నంక కాదు, తినకముందు

నిన్న సాయంత్రం హన్మకొండల డాక్టర్ సారు నా గ్యాస్ గోళీ డోసు తగ్గించిండు. ఆ సంతోషం ఒకదిక్కు, అంతకుముందు పడ్డ అవమానం ఒకదిక్కు, రెండూ మనసుల ఇంకా పచ్చిగనే ఉన్నయి. అందుకే ఇయ్యాలనే రాస్తున్న. ఛాతిల మంట, పులితేపులతోటి తిప్పలు పడేటోళ్లు మా వాడలనే శానామంది ఉన్నరు.

మాది వరంగల్ల ఏనుమాముల దిక్కు. మా ఆయన మిర్చి అడ్తిల గుమాస్తా. సంక్రాంతి దాటిందంటె యార్డుకు మిర్చి బస్తాలు వస్తనే ఉంటయి, కాంటాలు, లెక్కలు అయిపోయేసరికి రాత్రి పది. ఆయన వచ్చినంకనే ఇద్దరం తినేది, తిన్నంక ఒరిగేది. ఒరిగిన కొంచెం సేపటికే పుల్లనీళ్లు గొంతు దాకా ఎగదన్నేది.

ఛాతిల మంట అంటె ముందుగాల గుండె సంగతి చూపించుకోవాలె. ఒక పెద్ద ఆస్పత్రికి పోతె ఈసీజీ తీసిండ్రు, మంచిగనే ఉంది. గొంతుల నుంచి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ చేసిండ్రు, గొంతుల చేదు మందు కొట్టినప్పుడు ఓకరింపు వచ్చింది, అంతే. అన్నవాహిక కిందిభాగంల ఒరుసుకుపోయి ఉందన్నరు, పాంటోప్రజోల్ అనే గ్యాస్ గోళీ 40 ఎంజీ రాసిండ్రు. ఈడిదాంక ఏ ఇబ్బంది లేదు.

అసలు తిప్పలు మందుల షాపు కాన్నుంచి మొదలైంది. నాకు థైరాయిడ్ ఉంది, పొద్దుగాల పరగడుపున ఒక గోళీ వేసుకుంట. ఆ సంగతి డాక్టరుకు చెప్పిన, రాసుకున్నరు. కిందికి దిగినంక ఆ ఆస్పత్రి షాపుల పోరడు, "పరగడుపున రెండు గోళీలు వద్దమ్మా, ఇది టిఫిన్ తిన్నంక వేసుకో" అన్నడు. అని ఊకోలే, గోళీల పట్టీ వెనుక నీలం పెన్నుతోటి "తిన్నంక" అని రాసిచ్చిండు. చీటీల డాక్టర్ ఏం రాసిండో ఆ గీతలు నాకే కాదు, డిగ్రీ చదివిన మా కొడుకుకు గూడ సమజ్ కాలే.

దాంతోపాటు తిండి కాగితం ఒకటి ఇచ్చిండ్రు. ఓట్స్, బ్రోకలి, ఆలివ్ నూనె, రోజుకు రెండుసార్లు గ్రీన్ టీ. జొన్నరొట్టె లేదు, పప్పు లేదు, సల్ల లేదు. ఇది ఎవరి ఇంటి వంట? బరువు తగ్గనీకి ఎవరికోసమో అచ్చేసిన కాగితం నా చేతుల పెట్టిండ్రని నేను గట్టిగ నమ్ముతున్న.

కాగితం పక్కకు పెట్టి, నోరు మాత్రం కట్టుకున్న. పచ్చిపులుసు బంద్, టమాట తొక్కు బంద్, మిర్చి బజ్జీ దిక్కు చూడలే. సంక్రాంతికి నా చేతులతోటి సకినాలు చుట్టి, ఒక్కటంటె ఒక్కటి నోట్లె వేసుకోలే. పెసరపప్పు, బీరకాయ, సల్లన్నం, అంతే. అయినా మంట పోలే.

మల్ల చూపించుకోనీకి పోయిన. లోపల డాక్టరు, ఆయన పక్కపొంటి ఇద్దరు జూనియర్లు. తలుపు తెరిచే ఉంది, గుమ్మంలనే అయిదారుగురు వరుసల నిలబడ్డరు. మంట తగ్గలే సార్ అన్న. ఆయన ఫైల్ మీద అడ్రస్ చూసిండు. "ఏనుమాములనా? మిర్చి మార్కెటోళ్లు కారం మానరు. మానినమని అబద్ధం చెప్తరు" అన్నడు. గుమ్మంల నిలబడ్డోళ్లు నవ్విండ్రు. నా కొడుకు పక్కనే ఉన్నడు, వాని మొకం చూడనీకి నాకు ధైర్యం చాలలే. "సార్, పండుగపూట సకినం గూడ ముట్టలే" అన్న. ఆయన వినలే. గోళీ రెండుపూటలకు పెంచిండు, ఇంకేదో కలిపిండు, గంట కొట్టిండు.

బిల్లు కౌంటర్ కాడ కొడుకు పైసలు కడుతుంటె గోడకు ఆనుకొని నిలబడ్డ. నలభై ఎనిమిదేండ్ల మనిషిని, ఇంత ఇంటిని నడిపేదాన్ని, దొంగతనంగ తింటదని పదిమందిల అనిపించుకున్న. మన ఊరు పేరు చూసి మన నాలుకను తూకం వేసుడు వైద్యమా? గోళీ ఏ టైముకు వేసుకుంటున్నవని ఒక్క మాట అడిగితె ఆయన నోరు అరుగుతుండెనా?

ఆ ఆస్పత్రి గడప మల్ల తొక్కలే. హన్మకొండల చిన్న క్లినిక్, పెద్ద బోర్డు గూడ లేదు. ఆ సారు ఫైల్ తెరవకముందే, "వాడే గోళీలు తెచ్చినవా అమ్మా?" అన్నడు. పట్టీ చేతికిచ్చిన. వెనుకకు తిప్పి నీలం పెన్ను రాత చదివి, "ఇది ఎవరు రాసిండ్రు?" అన్నడు.

ఆయన చెప్పింది నాకు తెలిసిన మాటల్ల చెప్త. కడుపుల ఆమ్లం చిమ్మే పంపులు తిండి పడ్డప్పుడే ఎక్కువ పనిచేస్తయి. ఆ టైముకు మందు రక్తంల సిద్ధంగ ఉంటెనే వాటిని పట్టి ఆపుతది. తిన్నంక వేసుకుంటె అది రక్తంలకు వచ్చేసరికి ఆమ్లం ఊరుడు అయిపోతది. అందుకే తినేదానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలె. గోళీకి పైపూత ఉంటది, నమలొద్దు, నూరొద్దు. వేసుకున్ననాడే మంట పోదు, పూర్తి గుణం కనపడనీకి కొన్ని రోజులు పడతది.

ఇప్పుడు లేవంగనే మంచినీళ్లతోటి థైరాయిడ్ గోళీ, అరగంటకు గ్యాస్ గోళీ, ఇంకో అరగంట దాటినంక ఇడ్లీనో ఉప్మానో. చాయ్ గూడ అప్పుడే, పరగడుపున కాదు. గ్యాస్ గోళీ వాడితె థైరాయిడ్ మందు ఒంటికి సరిగ పట్టకపోవచ్చునట, అందుకే థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష మల్ల చేపియ్యమన్నడు. ఈ ముక్క ఆ పెద్ద ఆస్పత్రిల ఒక్కరు చెప్పలే. థైరాయిడ్ ఉన్న అక్కలు, చెల్లెండ్లు ఇది తప్పకుంట అడగండ్రి.

రాత్రి తిండి ఏడున్నరకే తింటున్న. తిన్నంక మూడు గంటలు ఒరుగుడు లేదు. మా ఆయన వచ్చినంక వడ్డిచ్చి పక్కన కూసుంట, అంతే. మంచం తలదిక్కు కోళ్ల కింద ఇటుకలు పెట్టినం, ఒక జానెడు ఎత్తు. మెత్తలు ఎన్ని పెట్టినా మెడ వంగుతది, కడుపు నొక్కుకుంటది, గుణం ఉండదు. ఎడమపక్కకు పడుకుంటె పుల్లనీళ్లు తక్కువ వస్తున్నయి.

కారం సంగతి. సారు పూర్తిగ మానుమనలే, ఏది తింటె మంట లేస్తదో రాసుకోమన్నడు. నాకు పచ్చిపులుసు, నూనెల కాల్చినయి, రాత్రిపూట మటన్ పడవు. జొన్నరొట్టె, సోరకాయ కూర, అరటిపండు పడ్తయి. కూరలకు ఘాటుండే తేజ కారం తీసేసి చపాటా కారం పట్టించిన. 2025ల జీఐ గుర్తింపు, అంటె ఈ జాగల పండే సరుకేనని సర్కారు ఇచ్చే గుర్తింపు, వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చి అది, రంగు నిండుగ ఉంటది, ఘాటు తక్కువ. మా ఇంట్ల ఎవ్వరు తేడా పట్టలే, మా ఆడబిడ్డ అయితె కూర ఎర్రగ మస్తుగుందని రెండోసారి అడిగి వేసుకున్నది. మిర్చి మార్కెటోళ్లం గనుకనే ఏ కారం ఎంత మండుతదో మాకు ఎరుక.

ఇప్పుడు 20 ఎంజీ, ఒక్కపూటనే. ఒక్కసారి బంద్ చేస్తె ఆమ్లం ఎగదన్ని మంట ఎక్కువైతదట, అందుకే మెల్లెగ తగ్గిస్తున్నడు. ఏండ్లకేండ్లు వాడితె బీ12, మెగ్నీషియం తగ్గుతయని, అవసరమున్నన్ని రోజులే వాడాలన్నడు. మింగుతుంటె అన్నం అడ్డంపడ్డా, విరేచనం నల్లగ అయినా, ఊరికే బరువు తగ్గినా గోళీలతోటి ఆగకుంట ఆ రోజే డాక్టర్ కాడికి పొండ్రి. పోయేటప్పుడు చీటీ ఒక్కటే కాదు, వాడే గోళీల పట్టీలన్ని సంచిల వేసుకొని పొండ్రి.