ఈసారి సాకు కూడా లేదు

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ గ్రాండ్ ఫైనల్లో, అంటే టైటిల్ తేల్చే మ్యాచ్‌లో, మా పారమట్టా పెన్‌రిత్ చేతిలో ఓడిపోయి రెండు రోజులైంది. సోమవారం న్యూ సౌత్ వేల్స్‌లో సెలవు కాబట్టి ఎవరికీ ముఖం చూపించే పని పడలేదు. ఇవాళ ఆఫీసులో తప్పలేదు. నా పక్క సీటు అతను పెన్‌రిత్ అభిమాని. ఒక్క మాట అనలేదు, వెళ్లి నాకో కాఫీ తెచ్చిపెట్టాడు. అంతకన్నా ఎగతాళి చేసినా బాగుండేది.

పెన్‌రిత్ 28, పారమట్టా 12. 2022 గ్రాండ్ ఫైనల్ గురించి రికార్డుల్లో మిగిలేది ఇదే. ఆ 12 చూసి మేమేదో పోటీ ఇచ్చామనుకునేరు. హాఫ్‌టైమ్‌కి 18-0. తర్వాత 28-0 దాకా పోయింది. మా రెండు ట్రైలూ (బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి తాకించడమే ట్రై) బాగా చివర్లో, ఇక వాటితో ఎవరికీ పని లేనప్పుడు వచ్చాయి. అయినా నీలం, పసుపు జెర్సీల జనం లేచి అరిచారు. నేనూ అరిచాను. ఎందుకని మాత్రం అడగొద్దు.

రగ్బీ లీగ్ చూడనివాళ్లకి కొంచెం చెప్పాలి. జట్టుకి 13 మంది, ఆట 80 నిమిషాలు. బంతి చేతిలో ఉన్నవాళ్లకి ఆరు ట్యాకిళ్ల వరకే గడువు. ఆరోసారి కూడా పట్టుబడితే బంతి అవతలివాళ్లది. అందుకే ఐదోది అయ్యాక సాధారణంగా దూరంగా తన్నేస్తారు. ఆ తన్నిన బంతి ఎక్కడ పడుతుంది, దాని వెంట ఎవరు ఎంత కసిగా పరిగెడతారు అన్నదాంట్లోనే సగం ఆట ఉంది. ఆదివారం రాత్రి ఆ సగం పూర్తిగా పెన్‌రిత్‌దే. వాళ్ల నేథన్ క్లియరీ తన్నితే మావాళ్లు మా లైన్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది. మా మిచ్ మోజెస్ తన్నితే వాళ్ల డిలన్ ఎడ్వర్డ్స్ అందుకుని మా మీదకే తిరిగొచ్చేవాడు. ఉత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ ఎడ్వర్డ్స్‌కే ఇచ్చారు. నన్నడిగినా అతనికే ఇచ్చేవాణ్ని, కాకపోతే పళ్లు కొరుక్కుంటూ.

నన్ను తినేస్తున్నది ఓటమి కాదు. ఓటములు మాకు కొత్తా? ఈసారి చెప్పుకోవడానికి సాకు దొరకట్లేదు, అదీ నా బాధ.

1998 తీసుకోండి. ఒక్క మ్యాచ్ గెలిస్తే గ్రాండ్ ఫైనల్. క్యాంటర్‌బరీ మీద 18-2 ఆధిక్యం, ఇంకో పది నిమిషాలు నిలబడితే చాలు. అక్కడి నుంచి స్కోరు సమమై, ఎక్స్‌ట్రా టైమ్‌లో 32-20తో పోయింది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఆ పది నిమిషాల్లో ఏ బంతి ఎవరి చేతిలోంచి జారిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ జారవిడిచిన కుర్రాడి పేరు మాత్రం ఇక్కడ రాయను. పాపం, అతన్ని అందరూ కలిసి తిట్టింది చాలు.

2001 ఇంకో రకం. ఆ సీజన్‌లో మావాళ్లు 839 పాయింట్లు చేశారు, పట్టికలో మొదటి స్థానం. గ్రాండ్ ఫైనల్లో హాఫ్‌టైమ్‌కి న్యూకాజిల్ 24, మేము సున్నా. రెండో సగంలో తేరుకుని 30-24 దాకా లాక్కొచ్చారు. ‘ఇంకో పది నిమిషాలుంటేనా...’ అనుకోవడానికి చోటు మిగిలింది. దాని మీద చాలా ఏళ్లు బతికాను.

ఇక 2009. ఎనిమిదో స్థానంలో అతికష్టం మీద ఫైనల్స్‌లోకి (టైటిల్ కోసం ఆడే చివరి దశ మ్యాచ్‌లు) దూరి, జారెడ్ హేన్ ఆటతో గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లాం. మెల్‌బోర్న్ 23-16తో గెలిచింది. మరుసటి ఏప్రిల్లో తెలిసిందేమిటంటే, జట్టు మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి దాటి వాళ్లు డబ్బులిస్తున్నారట! టైటిల్ లాగేసుకున్నారు. మాకేమైనా ఇచ్చారా అంటే అదీ లేదు. ఆ ఏడాది విజేత స్థానం ఖాళీగా ఉండిపోయింది. ఇంతకన్నా గొప్ప సాకు ప్రపంచంలో ఏ జట్టుకీ ఉండదని నా నమ్మకం. పార్టీల్లో రగ్బీ మాట వస్తే చాలు, నేను దీన్ని బయటికి తీస్తాను. మా ఆవిడ అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్తుంది.

మరి 2022? రిఫరీ మీద నింద వేయడానికి లేదు. గాయాలు కారణం కాదు. పెన్‌రిత్‌ని ఓడించడం మాకు చేతకాదనడానికీ లేదు, లీగ్ దశలో రెండుసార్లు గెలిచాం. గ్రాండ్ ఫైనల్‌కి ముందు మ్యాచ్‌లో టౌన్స్‌విల్ వెళ్లి, కౌబాయ్స్‌ జట్టుని వాళ్ల ఊళ్లోనే 24-20తో ఓడించి వచ్చాం. చివర్లో మా మైకా సివో ట్రై కొట్టినప్పుడు సోఫా మీంచి దూకి మోకాలు కొట్టుకున్నాను, ఆ మచ్చ ఇంకా ఉంది. అంత చేసి వస్తే, ఎదుటివాళ్లు మనకన్నా బాగా ఆడారు. అంతే. దీన్ని పట్టుకుని పదేళ్లు ఎలా సణుక్కోను?

పైగా పెన్‌రిత్ వాళ్లు మా పొరుగువాళ్లు. ఒకే రైలు మార్గం. ఆ రాత్రి మేం పారమట్టాలో దిగిపోయాం, వాళ్లు పాడుకుంటూ ముందుకెళ్లిపోయారు.

నాన్న నాలా లేడు, హాయిగా ఉన్నాడు. ఆయనకి 1981 ఉంది, 82, 83 ఉన్నాయి. 1981లో మొట్టమొదటి టైటిల్ గెలిచిన రాత్రి జనం సంబరం హద్దు దాటి మా పాత మైదానం కంబర్లాండ్ ఓవల్ తగలబడింది. తను అక్కడున్నాడు గానీ నిప్పు జోలికి వెళ్లలేదని ఎవరూ అడక్కుండానే ఒట్టేస్తాడు. 1986 కూడా ఆయనదే. ఒక్క ట్రై లేకుండా 4-2తో గెలిచి, మా ఆటగాళ్లు రే ప్రైస్, మిక్ క్రోనిన్ కప్పుతో రిటైరయ్యారు. అప్పుడు నేను చంకలో ఉన్న పిల్లాణ్ని. ఆ తర్వాత 36 ఏళ్లు. ‘వస్తుందిలేరా’ అంటాడు నాన్న. వచ్చినప్పుడు చూసినవాడు కాబట్టి అనగలడు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

మా అమ్మాయి లెక్క వేరు. ఆదివారం అదే స్టేడియంలో ముందుగా మహిళల గ్రాండ్ ఫైనల్ జరిగింది. అక్కడా మేమే, అక్కడా ఓటమే, న్యూకాజిల్ చేతిలో 32-12. లీగ్ దశలో ఐదింట ఒక్కటే గెలిచిన జట్టు మాది. సెమీఫైనల్లో అప్పటిదాకా ఓటమి ఎరగని రూస్టర్స్‌ని ఓడించి వచ్చింది. అమ్మాయి ఏడ్చింది దానికి. మగవాళ్ల మ్యాచ్ మొదలయ్యేసరికి కన్నీళ్లు అయిపోయి చిప్స్ తింటోంది. నేను తల పట్టుకుని కూర్చుంటే, ‘నాన్నా, వీళ్లైతే ఎక్కువ గెలిచే వచ్చారు కదా, నీకెందుకింత ఏడుపు?’ అంది. జవాబు తోచలేదు.

నిజంగా దిగులు పడాల్సింది రాబోయే సీజన్ గురించి. రీడ్ మహోనీ, ఐజాయా పాపలీ, మరాటా నియుకోరె ముగ్గురూ వెళ్లిపోతున్నారు. బాగా ఆడే కొద్దీ ఆటగాడి ధర పెరుగుతుంది, జీతాల పరిమితి మాత్రం అందరికీ ఒకటే. ఈ నిబంధన మెల్‌బోర్న్‌ని పట్టుకున్నప్పుడు నాకు చాలా న్యాయంగా తోచింది, ఇప్పుడు అంతగా తోచట్లేదు. అందులోనూ మహోనీ వెళ్లేది క్యాంటర్‌బరీకి. 1998 నాటి ఆ క్యాంటర్‌బరీకే.

మావాళ్ల మీద ఆడటానికి అతను వచ్చిన రోజు గట్టిగా గేలి చేస్తానంటున్నాడు నాన్న. ఆదివారం దాకా ఒళ్లు హూనం చేసుకుని ఆడాడు కదా, చప్పట్లు కొట్టాలి అంటాను నేను. నిన్న భోజనాల దగ్గర దీని మీదే పోట్లాడుకున్నాం, ఇంకా తేలలేదు.